వెలిగొండల కింద కొండవాగు: రాతికట్టల నుంచి చెరువు కలుజు దాకా మా అనుభవం

ఉదయగిరి, సీతారామపురం వైపు వెలిగొండల పాదాన ఉన్న ఊళ్లలో సేద్యమంతా కొండ మీంచి దిగే చిన్న వాగుల మీదే నడుస్తుంది. సోమశిల కాలువలు ఈ మెట్టకు అందవు. బోర్లు ఎండాకాలానికి చేతులెత్తేస్తాయి. వాగు మాత్రం ఏటా వస్తుంది, వచ్చినంత వేగంగానూ వెళ్లిపోతుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే, అదీ వాయుగుండాలు, తుపాన్ల పుణ్యాన పడుతుంది. స్వాతి, విశాఖ కార్తెల్లో మూడు నాలుగు పెద్ద వానలు కురిశాయంటే చెరువుకు రావలసిన నీళ్లు వచ్చినట్టే. ఆ మూడు నాలుగు వానల్నీ ఎలా పట్టుకోవాలన్నదే మా పని.

ముందు ఒక లెక్క. వాగులోకి నీళ్లు దించే కొండవాలు ఒక చదరపు కిలోమీటరు ఉందనుకోండి. ఒక్క రాత్రి 100 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 40 శాతం పారినా 4 కోట్ల లీటర్లు, అంటే దాదాపు 14 లక్షల ఘనపుటడుగుల నీళ్లు. ఇదంతా కొన్ని గంటల్లో దిగిపోతుంది. అంత నీటిని ఏ కట్టా ఆపలేదు, ఆపాల్సిన పనీ లేదు. గంటల్లో దిగేదాన్ని రోజుల తరబడి దిగేలా చేస్తే చాలు. అందుకే పని కొండ పైనుంచి కిందికి నడవాలి.

చాలా చోట్ల దీనికి తలకిందులుగా చేస్తారు. ఊరి దగ్గర వాగుకు అడ్డంగా ముందు సిమెంటు చెక్‌డ్యాం కడతారు. చూడ్డానికి బాగుంటుంది, బిల్లు చేయడానికీ సులువు. పైన గండ్లు (వాన నీళ్లు కోసిన కొండ పాయలు) కోసుకుపోతూ ఉంటే ఆ గులకరాళ్లూ ఇసుకా వచ్చి ఒకటి రెండు వరదల్లోనే డ్యాం నోటిదాకా పూడుస్తాయి. ఆ తర్వాత నీళ్లు పక్క గట్టును కోసుకుని కొత్త దారి చూసుకుంటాయి, సిమెంటు గోడ వాగు మధ్యలో ఒంటరిగా నిలబడిపోతుంది. గోడ కట్టడంలో లోపం ఉండి కాదు, పైన చేయాల్సిన పని చేయకపోవడం వల్లే ఇలా అవుతుంది.

పని మార్చి, ఏప్రిల్‌లో మొదలవుతుంది. వాగు పూర్తిగా ఎండి, కంపలు ఆకు రాల్చి, నేల బయటపడి కనిపించేది అప్పుడే. 30 మీటర్ల టేపు, నీళ్లు నింపి మట్టం చూసే లెవెల్ పైపు, సున్నం, నోటుపుస్తకం తీసుకుని కింద చెరువు దగ్గర మొదలుపెట్టి పైదాకా నడిచాం. గట్టు ఎక్కడ కోసుకుపోతోంది, అడుగున పరుపు బండ ఎక్కడ తేలింది, విడి రాళ్లు ఎక్కడున్నాయి, పక్క గండ్లు ఎక్కడ కలుస్తున్నాయి అన్నవి వరసగా రాసుకోవాలి. మద్ది, నేరేడు గుంపుగా నిలిచిన చోట అడుగున చెమ్మ ఉందని అర్థం. అలాంటి చోట రాయి కదల్చకుండా వదిలేశాం. వేళ్లు పట్టుకున్న గట్టు ఏ కట్టకన్నా గట్టిది.

నడిచేటప్పుడే అడవి సరిహద్దు రాళ్లు వెతికి గుర్తు పెట్టుకోవాలి. వాగు తల భాగం రిజర్వు ఫారెస్టులో ఉంటుంది. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా చలగపార కూడా దించకూడదు, రాళ్లు ఏరి బయటికి తేకూడదు. ఎర్రచందనం ఉన్న కొండలు కాబట్టి ట్రాక్టరు కనిపిస్తే చాలు, ఆపి అడుగుతారు. సరిహద్దుకు పైన పని కావాలంటే వన సంరక్షణ సమితి ద్వారా అటవీశాఖ చేతే చేయించాలి. సరిహద్దుకు కింద అడంగల్‌లో వాగు పోరంబోకు ఎక్కడిదాకా ఉందో, పట్టా భూమి ఎక్కడ మొదలవుతుందో సర్వేయరు చేత చూపించుకోవాలి. పట్టా గట్టులో ఒక్క అడుగు రాతికట్ట దిగినా ఆ రైతు సంతకం ఉండాలి. నోటిమాట మీద మొదలుపెట్టిన పనులు సగంలో ఆగడానికి ఇదే పెద్ద కారణం.

వాగులో ఎన్ని నీళ్లు పారుతున్నాయో అంతకుముందు వానాకాలంలోనే కొలిచి పెట్టుకోవడం మేలు. దానికి మిషన్లేమీ అక్కర్లేదు. వంకర లేని చోట 10 మీటర్ల పొడవు తాడుతో గుర్తు పెట్టాలి. వెడల్పు, మూడు నాలుగు చోట్ల లోతు కొలిచి సరాసరి తీయాలి. చిన్న ప్లాస్టిక్ సీసాలో సగం నీళ్లు నింపి మూత బిగించి పైన వదలాలి. ఖాళీ సీసా గాలికి కొట్టుకుపోతుంది, సగం నింపింది నీటితోపాటే పోతుంది. ఉదాహరణకు వెడల్పు ఒకటిన్నర మీటరు, లోతు 20 సెంటీమీటర్లు, 10 మీటర్లు దాటడానికి 20 సెకన్లు పట్టిందనుకోండి. పైనీటి వేగం సెకనుకు అర మీటరు. అడుగున రాళ్లకు తగిలి నీళ్లు నెమ్మదిస్తాయి కాబట్టి 0.7తో గుణించాలి. సెకనుకు సుమారు 105 లీటర్లు, అంటే మూడున్నర క్యూసెక్కులు దాటింది. వాగు అదే తీరున పారితే 10 లక్షల ఘనపుటడుగుల చెరువు మూడు రోజులకు నిండుతుంది. ఎకరా వరికి 1200 మిల్లీమీటర్ల నీళ్లు లెక్క కడితే ఆ నిండు చెరువు ఆరెకరాలకు మించి తడపదు, పైన పడే వాన వేరు. ఆయకట్టు మీద ఆశలు ఎంతవరకు పెట్టుకోవాలో ఈ లెక్కే చెబుతుంది.

మా రాతికట్టలు ఉపాధి హామీ కింద చేసినవి. గ్రామసభలో తీర్మానం, టెక్నికల్ అసిస్టెంటు వచ్చి చోటు చూడటం, ఎస్టిమేటు, మంజూరు, ఆ తర్వాత మస్టరు (కూలీల హాజరు పట్టీ). ఇందులో ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పునాది తవ్విన రోజే, రాయి వేయకముందే, లోతు కొలిచి కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో రాయించుకోవాలి, ఫొటో తీయించాలి. రాళ్లు పేర్చేశాక పునాది ఎవరికీ కనపడదు, కనపడనిదాన్ని ఎవరూ కొలవరు. ఆ కొలత పోతే రోజంతా తవ్వినవాళ్లకు కూలి తగ్గుతుంది. ఇంకోటి, ఎస్టిమేటు మీటర్లలో ఉంటుంది, పని అడుగుల్లో నడుస్తుంది. ఒకవైపు మీటర్లు, ఇంకోవైపు అడుగులు గీసిన కర్ర ఒకటి పనిలో ఉంచితే గొడవే లేదు.

ఇక కట్ట సంగతి. కొండగండిలో కట్టే రాతికట్ట ఎత్తు ఒక మీటరు దాటకూడదు. రెండు కట్టల మధ్య దూరం వాలును బట్టి ఉంటుంది: కింది కట్ట తల, పై కట్ట పాదం ఒకే మట్టంలోకి రావాలి. నూరు మీటర్లకు 5 మీటర్లు దిగే గండిలో మీటరు ఎత్తు కట్టలకు మధ్య 20 మీటర్లు. 10 మీటర్లు దిగే చోట మధ్య 10 మీటర్లే. ఖర్చు తగ్గుతుందని దూరం పెంచితే మధ్యలో నేల ఎప్పటిలాగే కోసుకుంటుంది, కట్ట పాదం కింద గొయ్యి పడుతుంది.

పునాది 30 సెంటీమీటర్లు తవ్వాలి. రెండు పక్కలా గట్టు లోపలికి కనీసం అర మీటరు చొచ్చుకుపోవాలి. కట్ట తల వెడల్పు అర మీటరు, పైవైపు వాలు ఒకటికి ఒకటి, కిందివైపు ఒకటికి రెండు. అంటే మీటరు ఎత్తుకు అడుగున వెడల్పు మూడున్నర మీటర్లు వస్తుంది. జనానికి ఇది దండగ రాయిలా కనిపిస్తుంది, నిట్టనిలువుగా పేర్చేద్దామంటారు. కట్ట దాటి దూకే నీళ్లు ఆ కిందివాలు మీద జారుతూ దిగాలి. వాలు లేకపోతే నీళ్లు నేరుగా పాదం మీద పడి పునాది తోడేస్తాయి. అయిదు మీటర్ల గండికి పునాదితో కలిపి 9, 10 ఘనపు మీటర్ల రాయి పడుతుంది. వంద ఘనపుటడుగుల ట్రక్కు లెక్కన మూడు లోడ్లు దాటుతుంది. ట్రాక్టరు పోని చోట వాలు మీద ఉన్న రాయే చేతులు మార్చుకుంటూ దించాలి. పైన విడిగా పడి ఉన్నదే తీయాలి. నేలలో సగం దిగి ఉన్న రాయిని గడ్డపారతో పెకలిస్తే, మనం ఆపాలనుకున్న మట్టి అక్కడినుంచే కదులుతుంది.

రాయి ఎంపిక మీద ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. వెలిగొండల్లో రెండు రకాలు దొరుకుతాయి: గట్టి క్వార్ట్‌జైట్, పొరలుగా విడిపోయే పలకరాయి. మొదటిది పగిలితే మూలలు పదునుగా వస్తాయి, ఒకదానికొకటి కరుచుకుంటాయి. పలకరాయి ఎండకూ వానకూ పొరలు ఊడి జారిపోతుంది, లోపల పూరకానికి తప్ప పనికిరాదు. వాగులో నున్నగా దొర్లిన గుండ్రాళ్లనూ బయటి వరసలో వాడకూడదు. పెద్దవి, 20 నుంచి 30 సెంటీమీటర్లవి, కిందివాలు మీదా తల మీదా పెట్టాలి. ప్రతి రాయి పొడవు నీళ్లు పారే దిక్కుకు ఉండాలి, అడ్డంగా కాదు. అడ్డంగా పెట్టిన రాయికి నీటి దెబ్బ పూర్తిగా తగులుతుంది. చిన్నవి లోపల. 15 సెంటీమీటర్లకన్నా చిన్నది బయట కనపడిందంటే మొదటి వానకే అది కింద దొరుకుతుంది.

అన్నింటికన్నా ముఖ్యం కట్ట మధ్యలో పల్లం. రెండు భుజాలకన్నా నడుమ 30 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. నేను చూసిన తెగిపోయిన కట్టల్లో ఎక్కువ భాగం తల సమానంగా ఉన్నవే. తల సమానంగా ఉంటే నీళ్లు మెత్తగా ఉన్న గట్టువైపు దారి వెతుక్కుంటాయి, కట్ట చెక్కుచెదరకుండా పక్క గట్టు పోతుంది. పల్లం ఉందో లేదో కంటితో తేల్చకూడదు, తాడు లాగి చూడాలి.

పక్క గండ్లు రెండు మూడు కలిసి వాగు వెడల్పయ్యే చోట విడి రాయి నిలవదు. అక్కడ రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉండే జీఐ (జింకు పూత ఇనుప) తీగ పెట్టెల్లో రాయి నింపి కట్టాం. ఒక్కోదానికి రెండు ఘనపు మీటర్ల రాయి. తీగ కన్నుకన్నా పెద్ద రాళ్లే వేయాలి. మూడో వంతు నిండగానే ఎదురెదురు గోడల్ని లోపల తీగతో బిగించాలి, లేకపోతే పెట్టె పొట్ట ఉబ్బి తీగ తెగుతుంది. పెట్టెల కింద జల్లెడలా ఒక పొర గులక పరిచి, దిగువన రెండు మీటర్ల మేర రాతిపరుపు వేయాలి.

కొండ కింద, చెరువుకు పోయే సప్లయి ఛానల్ మొదలయ్యే చోటికి వద్దాం. కాలువ నోరు వాగు వంపులో బయటి గట్టు మీద పెట్టాలి. వంపు తిరిగేటప్పుడు ఇసుక లోపలి గట్టువైపు పేరుకుంటుంది, బయటి గట్టున నీళ్లు తేటగా ఉంటాయి. నోటి గడప వాగు అడుగుకన్నా 20 సెంటీమీటర్లు ఎత్తు పెట్టాం. దానివల్ల ఇసుక దొర్లి లోపలికి రాదు, వాగు సన్నగా పారేటప్పుడు ఆ నీళ్లు కిందికి పోతాయి. కింద పశువులున్నాయి, చెలమలున్నాయి. ఉన్న నీళ్లన్నీ మన కాలువకే మళ్లించుకుంటే దిగువన తగాదా తప్పదు, తగాదా రావడం న్యాయం కూడా. నోటికి రెండు పక్కలా గాడి ఉన్న రాతి స్తంభాలు, మధ్యలో మీటరు సందు, సందులో దించడానికి చెక్క పలకలు. పెద్ద వరద వచ్చేటప్పుడు పలకలు దించేయాలి. మొదటి ఉరవడిలో వచ్చేది నీళ్లకన్నా మట్టీ కొమ్మలే ఎక్కువ.

నోటికి 25 మీటర్ల దూరంలో కాలువ గట్టును నాలుగు మీటర్ల పొడవున తగ్గించి, రాయి పరిచి, వాగువైపు పొర్లు పెట్టాలి. కాలువలో నీళ్లు 40 సెంటీమీటర్లు దాటగానే మిగతావి అక్కడినుంచి తిరిగి వాగులో పడతాయి. పొర్లు లేని కాలువ ఏటా తెగుతుంది, అదీ పైరు పొట్టమీదున్నప్పుడు. పొర్లుకు ముందు మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరు లోతున ఇసుక గుంట తవ్వితే పూడిక అక్కడే దిగుతుంది. కాలువంతా పూడిక తీయడంకన్నా ఆరు ఘనపు మీటర్ల గుంట ఎత్తిపోయడం తేలిక.

కాలువ వాలు 500 మీటర్లకు ఒక మీటరు. 20 మీటర్ల లెవెల్ పైపుతో ఒక్కో పట్టుకు 4 సెంటీమీటర్లు దించుకుంటూ మేకులు కొట్టాలి. పైపులో గాలిబుడగ ఉంటే మొత్తం తప్పుతుంది. ప్రతి పట్టుకు ముందు రెండు కొసలూ పక్కపక్కన పెట్టి మట్టం ఒకటేనా అని చూడాలి. ఒకటి కాకపోతే బుడగ ఉన్నట్టే, పైపు విదిలించి మళ్లీ నింపాలి. ఎండ ఎక్కకముందే కొలవడం మంచిది. చివరిదాకా వెళ్లాక అవే మేకుల మీద వెనక్కి కొలుచుకుంటూ వచ్చి, మొదలుపెట్టిన చోట తేడా 5 సెంటీమీటర్లలోపు ఉందో లేదో సరిచూడాలి. అడుగున వెడల్పు మీటరు, పక్క వాలు ఒకటికి ఒకటి, నీటి లోతు 40 సెంటీమీటర్లు ఉంటే ఈ కాలువ సెకనుకు 340 లీటర్లు, అంటే 12 క్యూసెక్కులు తీసుకుపోతుంది. నీటి వేగం సెకనుకు 60 సెంటీమీటర్లు. గరపనేలలో అది అడుగు కోయదు, పూడికా నిలవనివ్వదు. వాలు ఎక్కువ పెడితే నీళ్లు గబగబా పోతాయనుకుంటారు. పోతాయి, కాలువ అడుగునూ వెంట తీసుకుపోతాయి.

ఈ కాలువలకు పెద్ద శత్రువులు ఎండ్రకాయలూ ఎలుకలూ. గట్టు తల రెండడుగులకన్నా సన్నగా ఉంటే ఒక్క బొరియ చాలు. బొరియ నోట్లో రాయి కుక్కి మూసేస్తే నీళ్లు లోపలినుంచే పని కానిస్తాయి. బొరియ కొసదాకా తవ్వి, తడిపిన బంకమట్టిని పొర పొరగా దిమ్మిసతో కూరాలి. ఈ పనిలో యానాది కాలనీ వాళ్లకున్న చూపు మరెవరికీ లేదు. గట్టు మీద నడుస్తూ తాజా మట్టి చూసి ఏ బొరియలో ఎలుక ఉందో, ఏది పాతదో చెప్పగలరు. కాలువ కాపు పని వాళ్లకు అప్పగించి, కూలి ఊరుమ్మడి డబ్బులోంచి నెలనెలా ఇవ్వడం అన్ని విధాలా సరైనది. పంట చేతికొచ్చాక ధాన్యం ఇస్తామంటే కుదరదు, వాళ్లకు పని అక్టోబరులోనే ఉంటుంది.

గొర్రెల కాపర్లతో కాలువ గీయకముందే మాట్లాడాలి. వాళ్ల మందలు కొండకు పోయే దారి ఏళ్ల తరబడి ఉన్నది. ఆ దారికి అడ్డంగా కాలువ తవ్వి ఊరుకుంటే, మంద దిగిన ప్రతిసారీ గట్టు కొంత కూలుతుంది. దాటే చోట మూడు మీటర్ల వెడల్పున రెండు వైపులా రాయి పరిచి దిగుడు వేశాం. ట్రాక్టరు దాటే చోట రెండడుగుల సిమెంటు గొట్టం వేయాలి. ఒకటిన్నర అడుగుది వేస్తే చిల్లకంప కొమ్మలు పట్టేసి కాలువ వెనక్కి పొర్లుతుంది.

వాగులో ఇసుక గురించి. నూరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు మందాన ఇసుక ఉంటే 900 ఘనపు మీటర్లు. అందులోంచి చెలమ తోడితే వచ్చే నీళ్లు అయిదో వంతు వేసుకున్నా లక్షా 80 వేల లీటర్లు. గొర్రెకు రోజుకు 5 లీటర్లు లెక్క వేసినా రెండు వందల గొర్రెల మందకు ఆరు నెలల నీళ్లు ఆ ఇసుకలోనే ఉన్నాయి. ఆ ఇసుకను ట్రాక్టర్లకు ఎత్తిస్తే నీళ్లూ పోతాయి, వాగు అడుగు దిగి కాలువ గడప గాల్లో మిగులుతుంది. ఆ తర్వాత ఎంత వరద వచ్చినా నీళ్లు నోటికి అందవు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, గ్రామసభలో తీర్మానం చేసి దాని కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఊరివాళ్లే ట్రాక్టర్లు తోలుతుంటే మాత్రం ముందు ఊళ్లో తేల్చుకోవాలి.

దిగువ ఊరివాళ్లు మొదటి రోజే అడిగే మాట ఒకటుంది: "పైన మీరు కట్టేస్తే కింద మా చెరువుకు నీళ్లెట్టా దిగుతాయన్నా?" ఇది న్యాయమైన ప్రశ్న. వాళ్లను పిలిచి ఒక్కో కట్ట తల మీద నడుమనున్న పల్లం, కాలువ పొర్లు, గడప ఎత్తు చూపించాలి. విడి రాతికట్ట నీటిని నిలవేయదు, సందుల్లోంచి వదులుతూనే ఉంటుంది. అసలు గొడవ వచ్చేది చెరువు కలుజు దగ్గర, అంటే నిండిన చెరువులో మిగులు నీళ్లు పొర్లి బయటికి పోయే చోట. నిండిన చెరువులో ఇంకో అడుగు నీళ్లు పట్టుకుందామని కలుజు మీద ఇసుక మూటలు పేరుస్తారు. దానితో లోతట్టు కయ్యలు మునుగుతాయి, దిగువ చెరువుకు నీళ్లు ఆలస్యమవుతాయి, అన్నింటికీ మించి కట్టకు ప్రమాదం. కట్ట తలకూ నీటికీ మధ్య ఉండాల్సిన ఎడం ఆ మూటలతో పోతుంది. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయిన వారంలో ఎలాంటి వానలు పడ్డాయో జిల్లాలో అందరికీ గుర్తే. అలాంటి రాత్రి మూటలు తీయడానికి కలుజు మీదికి ఎవరూ వెళ్లలేరు. ఒకదాని కింద ఒకటిగా ఉన్న గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు తెగితే కింది చెరువు కూడా ఆ ఉరవడికి తెగుతుంది. మూటలు వేయకూడదని రెండు ఊళ్ల పెద్దలూ రాసుకుని సంతకాలు పెట్టుకోవడం అందుకే.

ఏటా చేసే పనులు తక్కువే గానీ వేళ తప్పకూడదు. హస్త కార్తె లోపల కాలువలో సర్కారు తుమ్మ వేళ్లతో సహా తీయాలి, పైకి నరికితే వచ్చే ఏటికి రెట్టింపవుతుంది. చిత్తలో ఇసుక గుంట ఎత్తిపోయాలి, చెక్క పలకలు గాడిలో దించి చూడాలి, ఉబ్బి పట్టేస్తే అంచులు చిత్రిక పట్టించాలి. ప్రతి పెద్ద వాన తర్వాత తెల్లారి పైనుంచి కిందికి కట్టలన్నీ చూడాలి. ఊడిన రాయి ఒకటే ఉన్నప్పుడు చేత్తో సర్దొచ్చు, అది వదిలేస్తే తర్వాతి వానకు ఆ సందు వెడల్పై వరస మొత్తం కదులుతుంది.

రెండు మూడు వానాకాలాలకు కట్టల వెనక మట్టి తలదాకా నిండుతుంది. కట్ట పాడైందని అప్పుడు చాలామంది కంగారుపడతారు. అలా నిండాలనే కట్టింది. ఆ మెత్తటి మట్టి నీళ్లు తాగి, పైనుంచి వచ్చేదాన్ని నెమ్మదిగా కిందికి వదులుతుంది. నిండిన మట్టిలో జులై, ఆగస్టుల్లో చినుకు పడగానే వట్టివేరు, వావిలి కొమ్మలు, గట్టు పక్కన కానుగ నాటాలి. వావిలిని గొర్రెలు, మేకలు పెద్దగా ముట్టవు, అందుకే మందలు తిరిగే చోట అదే ముందు. పై కట్ట పాదం ఇంకా కోసుకుంటోందంటే పాత కట్ట మీద ఎత్తు పెంచకూడదు. నిండిన మట్టి మీద రెండు కట్టల నడుమ అర మీటరు ఎత్తున ఇంకో వరస వేసుకోవాలి, దానికీ మధ్యలో పల్లం, గట్టులో అర మీటరు చొరవ ఉండాల్సిందే.